తేజస్ ఓడ మీద దిగింది కదా, మళ్ళీ రఫేల్ ఎందుకు కొన్నాం?

మారతహళ్ళి నుంచి ఒక తండ్రి మూడు సంగతులు అడిగారు. 2020 జనవరిలో మన నేవీ తేజస్ విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రమాదిత్య మీద దిగింది, మర్నాడు అక్కణ్ణుంచే ఎగిరింది. అంత చేసినవాళ్ళం 2025 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ దగ్గర 26 రఫేల్-ఎం విమానాలు ఎందుకు కొన్నాం? ఓడ మీద దిగే పైలట్‌ని ఎలా తయారు చేస్తారు? ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న వాళ్ళమ్మాయి నేవీలో ఫైటర్ పైలట్ అవుతానంటోంది, అది జరిగే పనేనా?

జరిగే పనే అండీ. ఆ వివరం చివర్లో రాస్తాను. మొదటి రెండూ మాత్రం సావకాశంగా మాట్లాడుకోవాలి. "హుక్కు తగిలించి, చక్రాల కాళ్ళు గట్టిచేస్తే ఏ ఫైటరైనా ఓడ విమానమే కదా" అని బాగా చదువుకున్నవాళ్ళే అంటుంటే బాధేస్తుంది. నా ఉద్యోగమంతా ఈ బెంగళూరులోనే, విమాన పరీక్షల పనిలోనే గడిచింది. లాండింగ్ గేర్, అంటే ఆ చక్రాల కాళ్ళ మీద పడే భారాలు నా విభాగం. ఇక్కడ రాసేవన్నీ ప్రభుత్వ ప్రకటనల్లోనూ పత్రికల్లోనూ వచ్చిన సంగతులే.

నేవీ తేజస్ రకాలు రెండు కట్టారు. రెండు సీట్ల ఎన్‌పీ-1 2012 ఏప్రిల్ 27న, ఒక సీటు ఎన్‌పీ-2 2015 ఫిబ్రవరి 7న మొదటిసారి ఎగిరాయి. రెండూ ప్రయోగానికి కట్టినవే. పూర్తి ఇంధనం, క్షిపణులు మోసుకుని పొట్టి డెక్ మీంచి లేచి, యుద్ధం చేసి తిరిగొచ్చే సత్తా వాటికి లేదు. 2016 డిసెంబరులో అప్పటి నౌకాదళాధిపతి అడ్మిరల్ సునీల్ లాంబా ఈ మాట బహిరంగంగానే చెప్పారు: ఉన్న రూపంలో బరువెక్కువ, మాకు పనికిరాదు అని. నేవీ అవసరం దృష్ట్యా ఆయన అన్నది నిజం. అయితే ఆ మాట పట్టుకుని "డబ్బు సముద్రంలో పోశారు" అని రాసినవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఎందుకో చెప్పాలంటే దిగడం దగ్గర మొదలుపెట్టాలి.

ఓడ విమానం రూపాన్ని నిర్ణయించేది అది ఎగిరే తీరు కంటే దిగే తీరు. మన హెచ్ఏఎల్ ఎయిర్‌పోర్టు రన్‌వే మూడు కిలోమీటర్ల పైచిలుకు. నేల మీద దిగే పైలట్ చివరి క్షణంలో ముక్కు కాస్త పైకెత్తి, దిగుడు వేగం చంపి, చక్రాలు మెత్తగా ఆనేలా చూస్తాడు. దాన్ని ఫ్లేర్ అంటాం. ఓడ మీద ఫ్లేర్ ఉండదు. డెక్ మీద అడ్డంగా మూడు ఉక్కు తీగలు ఉంటాయి, ఒకదానికొకటి కొద్ది మీటర్ల దూరంలో. విమానం తోక కింద వేలాడే హుక్కు వాటిలో ఒకదాన్ని పట్టుకోవాలి, అప్పుడే విమానం ఆగుతుంది. ముక్కెత్తి తేలితే మూడూ కింద దాటిపోతాయి. అందుకని సుమారు మూడు నాలుగు డిగ్రీల వాలులో వచ్చిన విమానం, అదే వాలులో, ఏమాత్రం తగ్గకుండా వచ్చి డెక్‌ని గుద్దుతుంది. పైగా ఆ డెక్ అలలకి లేస్తూ పడుతూ ఉంటుంది. విమానం దిగే క్షణంలో డెక్ పైకి లేస్తుంటే ఆ రెండు వేగాలూ కలుస్తాయి.

నేల విమానాల గేర్‌ని మామూలుగా సెకనుకు సుమారు 3 మీటర్ల దిగుడు వేగానికి లెక్కగడతారు. నేవీ తేజస్‌కి పెట్టుకున్న లెక్క సెకనుకు 7.1 మీటర్లు. రెట్టింపు పైన కొంచెమే కదా అనిపిస్తుంది. కానీ గేర్ మింగాల్సింది శక్తిని, అది వేగం వర్గంతో పెరుగుతుంది. లెక్క వేసి చూడండి, ఐదున్నర రెట్లు తేలుతుంది.

గేర్ డ్రాప్ టెస్ట్ దగ్గర నిలబడి చూసినవాళ్ళకి ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎత్తైన ఉక్కు చట్రానికి గేర్‌ని వేలాడదీసి, విమానం బరువులో దాని వాటాకి సరిపడా దిమ్మలు దానిమీద పేరుస్తారు. చక్రాన్ని ముందే వెనకవైపుకి గిర్రున తిప్పి ఉంచుతారు. నిజంగా దిగేటప్పుడు ఆగి ఉన్న చక్రం పరుగెడుతున్న నేలని తాకుతుంది; ఇక్కడ నేల కదలదు కాబట్టి ఆ తేడా చక్రం తిరిగి తీర్చాలి. అంతా సరిచూసుకుని కొక్కెం విడుస్తారు. టైరు ఒక్క అరుపు అరుస్తుంది, తెల్లటి పొగ, కాలిన రబ్బరు వాసన, కాంక్రీటు అదిరింది అరికాళ్ళకి తెలుస్తుంది. అరక్షణంలో అయిపోతుంది. తర్వాత అదే వీడియో నెమ్మదిగా తిప్పి చూస్తే అసలు కథ కనిపిస్తుంది: టైరు రిమ్ము దాకా నలుగుతుంది, నూనె, గ్యాసు నింపిన షాక్ స్తంభం పూర్తిగా కుంగుతుంది, చక్రం తిరుగుడు అందుకునేదాకా కాలు మొత్తం వెనక్కి వంగి, అందుకున్న మరుక్షణం ముందుకి విసురుకుంటుంది. కొత్తగా వచ్చే ఇంజనీర్ల చూపంతా నిలువు దెబ్బ మీదే ఉంటుంది. ఈ ముందూవెనకా ఊపుని తక్కువ అంచనా వేస్తే గేర్ నిలవదు. మా దగ్గర చేరిన పిల్లలకి నేను మొదట చూపించేది ఆ వీడియోయే.

గేర్ గట్టిపడితే పని అయిపోదు. ఆ దెబ్బ గేర్ నుంచి ఫ్రేములకి, ఫ్రేముల నుంచి రెక్క మూలాలకి, ఇంధనం ట్యాంకులకి, చివరికి కాక్‌పిట్‌లో ఉన్న కంప్యూటర్ పెట్టెల బిగింపులకి పాకుతుంది. అన్నీ గట్టిచేయాలి. గట్టిచేసిన ప్రతిచోటా బరువు పెరుగుతుంది, పెరిగిన బరువుకి మళ్ళీ గేర్ లెక్క మారుతుంది. నేల మీంచి ఎగిరే విమానంగా ముందే పూర్తయిన డిజైన్‌ని పట్టుకుని ఓడకి సర్దబోతే ఈ వలయం ఎక్కడ ఆగుతుందో మన చేతిలో ఉండదు. నేవీ తేజస్‌కి బరువు అలా వచ్చి చేరిందే. ప్రపంచమంతా ఇంతే. ఓడ కోసం పుట్టిన ఫాంటమ్, హార్నెట్ లాంటివి తర్వాత ఎన్నో దేశాల వైమానిక దళాల్లో హాయిగా ఎగిరాయి. నేల మీద పుట్టినది ఓడకి వెళ్ళిన ప్రతిసారీ కష్టపడింది. బ్రిటిష్ హాక్ శిక్షణ విమానాన్ని అమెరికా నేవీ టీ-45 గాషాక్‌గా మార్చుకున్నప్పుడు గేర్, హుక్కు, రెక్క ముందంచు, ఎయిర్ బ్రేకులు, విమానం మొండెం అన్నీ ముట్టుకోవాల్సి వచ్చింది. అది క్షిపణులు మోసే విమానం కూడా కాదు.

ఇక హుక్కు. సుమారు గంటకి 240 కి.మీ. వేగంతో వచ్చే విమానాన్ని దాదాపు 90 మీటర్లలో, మూడు సెకన్లలోపే నిలబెట్టాలి. విమానం బరువుకి రెండున్నర రెట్ల లాగుడు ఒక్క హుక్కు మీద, అది బిగించిన ఒక్క మూలం మీద. ఓడ గాలికి ఎదురుగా పరుగెడుతుంటే డెక్‌తో పోలిస్తే వేగం తగ్గి కొంత తెరిపి ఉంటుంది. ఒడ్డున ఉన్న పరీక్షా కేంద్రంలో గాలి లేని రోజు ఆ తెరిపి కూడా ఉండదు.

హుక్కు తీగని పట్టుకుంటుందా లేదా అన్నది ఇంకో పెద్ద శాస్త్రం. అమెరికా ఎఫ్-35సీకి 2011లో న్యూజెర్సీ లేక్‌హర్స్ట్‌లో పరీక్షలు పెడితే ఎనిమిదిసార్లు ప్రయత్నించినా హుక్కు తీగని అందుకోలేదు. కారణం వినడానికి చిన్నదే: ప్రధాన చక్రాలకీ హుక్కుకీ మధ్య దూరం మరీ తక్కువ. బట్టలారేసే తాడుని నేలమీద పరిచి తొక్కినట్టు, చక్రం ఎక్కి దాటగానే తీగ డెక్‌కి అతుక్కుపోతుంది. అది మళ్ళీ లేచేలోపే హుక్కు పైనుంచి దాటిపోతోంది. హుక్కు మొన ఆకారం మార్చి, దాన్ని కిందికి నొక్కి ఉంచే ఏర్పాటు సవరించి, చివరికి 2014 నవంబరులో యూఎస్ఎస్ నిమిట్జ్ మీద దించారు. విమానవాహక నౌకలతో వందేళ్ళ అనుభవమున్న దేశానికే ఇది ఎదురైంది. మనకి అసలు ఎవరు నేర్పుతారు? ఎవరూ నేర్పరు. ఈ విద్య ఏ దేశమూ అమ్మదు, అమ్మినా పూర్తిగా చెప్పదు.

తేజస్‌కి ఇంకో చిక్కు పుట్టుకతో వచ్చింది. దానికి తోక రెక్క లేదు, త్రికోణపు రెక్క ఒక్కటే. అలాంటి విమానం నెమ్మదిగా ఎగరాలంటే ముక్కు బాగా ఎత్తాలి. ఎత్తితే పైలట్‌కి ముందున్న డెక్ కనిపించదు. అందుకని నేవీ రకానికి ముక్కుని కిందికి వంచారు. రెక్క మూలం ముందు లెవ్‌కాన్ అనే కదిలే పలకలు చేర్చారు, వాటివల్ల దిగే వేగం తగ్గింది. ఈ రెండు మార్పులతో గాలి ప్రవాహం మారిపోయింది, దాంతో ఫ్లై-బై-వైర్ కంప్యూటర్‌లోని (పైలట్ చేతి కదలికలని అందుకుని విమానాన్ని నడిపేది ఇదే) నియంత్రణ సూత్రాలు కొత్తగా రాయాల్సి వచ్చింది. తేజస్ స్వభావరీత్యా నిలకడ లేని విమానం, కంప్యూటర్ క్షణక్షణమూ సరిదిద్దుతుంటేనే గాల్లో ఉంటుంది. 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు పెట్టి సహకారం ఆపేస్తే ఆ సూత్రాలని మనవాళ్ళు ఇక్కడే కూర్చుని పూర్తిచేశారు. 2001 జనవరి 4న తేజస్ మొదటిసారి ఎగిరింది వాటి మీదే. ఆ పునాది లేకపోతే నేవీ రకం ఊహే లేదు.

ఎగరడం గురించి త్వరగా చెప్పేస్తాను. మన ఓడల మీద విమానాన్ని విసిరే క్యాటపల్ట్ లేదు, చివర పైకి వంగిన స్కీ జంప్ ఉంది, సుమారు 14 డిగ్రీలు. సుమారు 200 మీటర్ల పరుగు తర్వాత డెక్ వదిలే వేగానికి రెక్క విమానం బరువంతా మోయలేదు. స్కీ జంప్ ఇచ్చిన పైకి ఊపుతో కొన్ని సెకన్లు వంపు తీసుకుంటూ పోతుంది, మిగతా వేగం ఆ సెకన్లలో ఇంజను తెచ్చిపెట్టాలి. అంటే ఎంత బరువుతో లేవగలం అన్నది పూర్తిగా ఇంజను సత్తా. తేజస్‌లోని ఎఫ్-404 ఇంజను తోపుడు సుమారు 84 కిలోన్యూటన్లు. గేర్, హుక్కు, గట్టిపరిచిన ఫ్రేములు మోయడానికే అందులో వాటా పోతే బాంబులకి, ఇంధనానికి ఏం మిగులుతుంది? అడ్మిరల్ లాంబా మాట వెనక ఉన్న లెక్క ఇదే. "ఒకే ఇంజను కాబట్టి వద్దన్నారు" అని కొందరంటారు, అది సగం నిజమే. మన నేవీయే ఒకే ఇంజనున్న సీ హారియర్లని దశాబ్దాలు నడిపింది. ఎఫ్-35సీకీ ఒకటే ఇంజను.

బెంగళూరులో ఓడ విమానం కట్టడంలో ఒక విచిత్రం ఉంది. ఈ ఊరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. గాలి పల్చన, ఇంజను తోపుడు తక్కువ. అలలు చూడాలంటే చెన్నై దాకా పోవాలి. ఇక్కడ కొలిచిన ప్రతి అంకెనీ సముద్ర మట్టానికి మార్చుకోవాలి. అసలు పరీక్ష గోవా ఐఎన్ఎస్ హంస స్థావరంలోని ఒడ్డు పరీక్షా కేంద్రంలో. ఓడ మీది స్కీ జంప్, తీగలు అక్కడ నేలమీద కట్టారు. 2014 డిసెంబరు 20న కమొడోర్ జయదీప్ మావ్‌లంకర్ ఎన్‌పీ-1ని అక్కడి స్కీ జంప్ మీంచి లేపారు. అక్కణ్ణుంచి తీగ పట్టుకుని దిగడానికి దాదాపు ఐదేళ్ళు పట్టింది. ఎందుకింత ఆలస్యం అని అప్పట్లో పత్రికలు అడిగాయి. హుక్కు దించి నేలమీద పరుగెడుతూ తీగ పట్టడం, వేగం కొద్దికొద్దిగా పెంచడం, ప్రతిసారీ భారాలు చూడటం, లెక్కతో సరిపోకపోతే ఆగి వెతకడం: ఇదంతా బయటికి కనిపించని పని. 2019 సెప్టెంబరు 13న గోవాలో మొదటి దిగుడు, నవంబరు 12న రాత్రిపూట దిగుడు, 2020 జనవరి 11న విక్రమాదిత్య మీద. 2023 ఫిబ్రవరి 6న కొత్త విమానవాహక నౌక విక్రాంత్ మీద కూడా నేవీ తేజస్ దిగింది. ఆ విక్రాంత్ ఉక్కు హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్‌లో రూపుదిద్దుకున్న రకం అని మన తెలుగువాళ్ళకి గుర్తుచేయాలనిపిస్తుంది.

ఈ వరుసలో ఒక్క ప్రమాదం లేదు, ఒక్క ప్రాణం పోలేదు. చైనా జె-15 కార్యక్రమానికి నాయకత్వం వహించిన లువో యాంగ్ 2012 నవంబరులో, తమ విమానం లియావోనింగ్ ఓడ మీద దిగిన పరీక్షలు ముగించుకుని వచ్చిన రోజే గుండెపోటుతో పోయారు. ఏ దేశంవాడైతేనేం, ఆ వార్త చదివినప్పుడు మా గదిలో ఎవరికీ మాట రాలేదు. ఈ పనిలో ఉన్నవాళ్ళ మీద ఎంత ఒత్తిడి ఉంటుందో మాకు తెలుసు.

ఇప్పుడు రఫేల్ సంగతి. నేవీ దగ్గర 45 మిగ్-29కేలు, రష్యా ఓడ ఫైటర్లు, ఉండేవి. 2016లో కాగ్ నివేదిక వాటి గురించి ఏం చెప్పిందో చూడండి: ఎగరడానికి సిద్ధంగా ఉండే శాతం 16కీ 38కీ మధ్య ఊగింది. విక్రాంత్ 2022 సెప్టెంబరు 2న నేవీలో చేరింది. రెండు ఓడలున్నాయి, రెండింటికీ సరిపడా నమ్మకమైన విమానాలు లేవు. 2022లో రఫేల్-ఎం, అమెరికా సూపర్ హార్నెట్ రెండూ అదే గోవా స్కీ జంప్ మీద తమ సత్తా చూపించాయి. 2025 ఏప్రిల్ 28న సుమారు 63,000 కోట్లకి 22 ఒక సీటు, 4 రెండు సీట్ల రఫేల్స్‌కి ఒప్పందం అయింది, 2030కల్లా అన్నీ రావాలి. మన సొంత జంట ఇంజన్ల ఓడ ఫైటర్ టీఈడీబీఎఫ్ ఇంకా ఎగరలేదు. యలహంక ఏరో ఇండియాలో మీరు చూసే ఉంటారు, నమూనా రూపంలో. ఓడలని ఖాళీగా పెట్టుకుని అది వచ్చేదాకా ఆగమని నేవీని ఎవరూ అడగలేరు. కాబట్టి రఫేల్ కొనడం తప్పు కాదు, నేనైనా అదే సలహా ఇచ్చేవాణ్ణి.

నా భయం వేరేచోట ఉంది. పాత విక్రాంత్ మీద సీ హాక్, అలీజే అనే విమానాలు తీగలు పట్టుకుని దిగేవి. తర్వాత సీ హారియర్లు వచ్చాయి, అవి నిలువుగా దిగుతాయి, హుక్కు అక్కర్లేదు. 1980ల చివర్లో అలీజేలు డెక్ దిగిపోయాక విక్రమాదిత్య వచ్చేదాకా, సుమారు పాతికేళ్ళు, మన ఓడల మీద తీగ పట్టుకుని దిగిన పైలట్ కొత్తగా తయారవలేదు. ఆ విద్య తెలిసిన తరం రిటైరైపోయింది. మళ్ళీ బయటి దేశాలకి వెళ్ళి నేర్చుకోవాల్సి వచ్చింది. ఇంజనీర్ల సంగతీ అంతే. ఎన్‌పీ-1, ఎన్‌పీ-2 మనకి ఇచ్చింది రెండు విమానాలని కాదు. హుక్కు మూలం దగ్గర భారం ఎలా పాకుతుందో, లెవ్‌కాన్ ఏ కోణంలో ఏం చేస్తుందో చూసి చెప్పగల మనుషులని ఇచ్చింది. టీఈడీబీఎఫ్ మొదటి గీత నుంచీ ఓడ విమానం: రెండు ఎఫ్-414 ఇంజన్లు, ముందు కానార్డ్ అనే చిన్న రెక్కలు, మడత పడే ప్రధాన రెక్కలు. రఫేల్ రెక్కలు మడత పడవు, ఓడ కింద హ్యాంగర్‌లో ఆ తేడా చాలా పెద్దది. దాని ప్రతి లెక్కలోనూ ఎన్‌పీల పాఠం ఉంది. ఆ మనుషుల్లో చాలామంది తల నెరిసినవాళ్ళే. వాళ్ళు ఉద్యోగంలో ఉండగానే మొదటి విమానం లోహం కోయడం మొదలవ్వాలి. రఫేల్స్ వచ్చేస్తున్నాయి కదా అని దీన్ని పక్కనపెడితే ఇంకో పాతికేళ్ళ ఖాళీ వస్తుంది, ఈసారి ఇంజనీర్లలో.

పైలట్ విషయానికొద్దాం. నేల పైలట్‌కి అలవాటైన చేతులని ఓడ పైలట్ మార్చుకోవాలి. మామూలుగా ఎత్తుని కర్రతో (ముక్కుని ఎత్తి దించే కంట్రోల్ స్టిక్), వేగాన్ని థ్రాటిల్‌తో (ఇంజను తోపుడు పెంచి తగ్గించే పిడి) సరిచేస్తారు. ఓడ మీదికి వచ్చే నెమ్మది వేగంలో ఇది తిరగబడుతుంది: ముక్కు ఎత్తితే పైకి పోదు, వేగం పడిపోయి ఇంకా కిందికి జారుతుంది. కాబట్టి కర్రతో రెక్క కోణాన్ని, అంటే ఎదురు గాలికి రెక్క ఎంత ఎత్తి ఉందో దాన్ని, ఒక్కచోట పట్టి ఉంచి, ఎత్తుని థ్రాటిల్‌తో దిద్దాలి. చివరి పదిహేను ఇరవై సెకన్లలో ఎడమచెయ్యి ఒక్క క్షణం ఆగదు. కళ్ళు మూడింటి మీద తిరుగుతాయి: డెక్ మధ్య గీత, రెక్క కోణం సూచిక, ఎడమవైపున్న దీపాల వరస. దీపాల్లో మధ్యది పచ్చ దీపాల గీతకి పైన కనిపిస్తే ఎత్తులో ఉన్నట్టు, కింద కనిపిస్తే పల్లంలో ఉన్నట్టు. 1951లో నికొలస్ గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ నేవీ అధికారి ఆఫీసు బల్ల మీద ఒక చేతి అద్దం నిలబెట్టి, దానిమీద లిప్‌స్టిక్‌తో గీత గీసి ఈ ఊహని అక్కడున్నవాళ్ళకి చూపించాడు. ఈనాటి కటకాలూ దీపాలూ ఆ ఊహ నుంచే వచ్చాయి.

చక్రాలు తాకగానే పైలట్ చేసే పని వింటే ఎవరైనా ఆశ్చర్యపోతారు: ఇంజను పూర్తిగా పెంచుతాడు. హుక్కు తీగని పట్టిందో లేదో తెలుసుకునే వ్యవధి లేదు. పడితే తీగ ఆపుతుంది. పట్టకపోతే పక్కకి కోణంగా తిరిగి ఉన్న డెక్ చివర నుంచి మళ్ళీ గాల్లోకి లేచిపోవాలి. దీన్ని బోల్టర్ అంటారు, అది అవమానమేం కాదు. డెక్ అంచున నిలబడి రేడియోలో మాట్లాడే అధికారిని ఎల్ఎస్ఓ అంటారు, ఆయనా ఓడ పైలటే. ఆయన "వద్దు" అంటే వద్దే, వాదన లేదు. ప్రతి దిగుడుకీ మార్కులు వేస్తాడు, ఆ మార్కులు అందరూ చూసేలా ఉంటాయి. రాత్రి చీకట్లో ఇంకో కష్టం: ఓడ మీంచి లేచేటప్పటి వేగపు తోపుడుని చెవిలోని సమతుల్యపు అవయవం ముక్కు పైకి లేస్తున్నట్టుగా చెబుతుంది. అది నమ్మి ముక్కు దించితే కింద సముద్రమే. ఇలాంటి భ్రమలని నేలమీదే చూపించి అలవాటు చేసే పరికరాలు, అధిక గురుత్వానికి తిప్పే సెంట్రిఫ్యూజ్ మన విమానపురలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌లో ఉన్నాయి. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద రోజూ వెళ్ళేవాళ్ళలో చాలామందికి ఆ గోడ లోపల ఏముందో తెలియదు.

కంప్యూటర్లు ఈ భారాన్ని తగ్గిస్తున్నాయి. సూపర్ హార్నెట్‌కి అమెరికా చేర్చిన సాఫ్ట్‌వేర్‌తో, పైలట్ వాలుని పట్టుకుంటే మిగతా దిద్దుబాటు కంప్యూటర్ చూసుకుంటుంది. ఆ ధీమాతో వాళ్ళు తమ తదుపరి శిక్షణ విమానం ఓడ మీద దిగనక్కర్లేదని తేల్చారు. మన దగ్గర హాక్ శిక్షణ విమానం ఎలాగూ ఓడ మీద దిగలేదు. గతంలో కొందరు మన పైలట్లు అమెరికా వెళ్ళి గాషాక్ మీద నేర్చుకున్నారు. రెండు సీట్ల నేవీ తేజస్‌ని కొద్ది సంఖ్యలో శిక్షణకి కట్టి ఉంటే ఆ అవసరం మనమే తీర్చుకునేవాళ్ళమని నా గట్టి అభిప్రాయం. శిక్షణకి బాంబులు మోయనక్కర్లేదు, బరువు సమస్య చాలావరకు పోతుంది.

ఇక మీ అమ్మాయి. 2025 జులై 3న విశాఖపట్నంలోని నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాలో హాక్ శిక్షణ పూర్తిచేసి సబ్ లెఫ్టినెంట్ ఆస్థా పూనియా "వింగ్స్ ఆఫ్ గోల్డ్" అందుకున్నారు. నేవీ ఫైటర్ విభాగానికి ఎంపికైన మొదటి మహిళ ఆవిడ. కాబట్టి తలుపు తెరిచే ఉంది. దారులు రెండు. ఇప్పుడే అయితే యూపీఎస్సీ నడిపే ఎన్డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష, ఏడాదికి రెండుసార్లు. అందులో మొదటి బాలికల బ్యాచ్ 2025 మేలో బయటికొచ్చింది. లేదా బీటెక్ చేసి షార్ట్ సర్వీస్ కమిషన్ పైలట్ ఎంట్రీ. దీనికి ఇంజనీరింగ్‌లో 60 శాతం, పదిలోనూ ఇంటర్‌లోనూ 60 శాతం అడుగుతారు, ఇంగ్లీషులో కూడా 60 చూస్తారు. ఇంటర్‌లో ఇంగ్లీషుని పట్టించుకోని మన పిల్లలకి ఇది చాలాసార్లు అడ్డం పడుతుంది, ఇప్పుడే చూసుకోమనండి. అధికారులని ఎంపిక చేసే ఎస్ఎస్బీ ఇంటర్వ్యూలు బెంగళూరులోనూ విశాఖలోనూ జరుగుతాయి.

రెండు విషయాలు మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. పైలట్ పనికి సహజ సామర్థ్యం ఉందో లేదో చూసే సీపీఎస్ఎస్ పరీక్ష జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. పోతే మళ్ళీ పైలట్‌గా అవకాశం లేదు. సరదాగా చూద్దాం అని వెళ్ళకూడదు, నిద్ర చాలకుండా వెళ్ళకూడదు. రెండోది, రంగులు గుర్తించే చూపు. పచ్చ దీపాలకీ ఎర్ర దీపాలకీ తేడా చెప్పలేనివాళ్ళకి పైలట్‌గా చోటు లేదు. ఎజెక్షన్ సీటు వల్ల కాళ్ళ పొడవు, తొడ పొడవు, కూర్చున్నప్పటి ఎత్తు కూడా కొలుస్తారు. కోచింగ్‌కి లక్షలు కట్టేముందు మంచి కంటి డాక్టర్ దగ్గర రంగుల పరీక్ష చేయించండి, కొలతలు తీయించండి. అద్దాలు తీసేయడానికి లేజర్ చేయించేద్దాం అనుకుంటే ఆగండి, ఆ ఏడాది నోటిఫికేషన్‌లో వైద్య నిబంధనలు చదివాకే నిర్ణయించండి.

ఎంపికైతే మొదటి ఎగురుడు మన దుండిగల్లోనే, పీసీ-7 మీద. ఫైటర్లకి ఎంపికైనవాళ్ళు హాక్ మీదికి, అక్కణ్ణుంచి గోవాలో మిగ్-29కే మీదికి. ఒడ్డు తీగల మీద పదేపదే సాధన చేశాకే ఓడ. ఆ బ్యాచ్‌లు రఫేల్-ఎం మీదికి వెళ్ళే రోజులకి మీ అమ్మాయి వయసు సరిగ్గా సరిపోతుంది.

ఒకవేళ వైద్య పరీక్షలో ఆగిపోతే ఏరోస్పేస్ గానీ మెకానికల్ గానీ ఎలక్ట్రికల్ గానీ చదివి నియంత్రణ సూత్రాల వైపో భారాల వైపో రమ్మనండి. టీఈడీబీఎఫ్‌కి ఆ పిల్లలే కావాలి. బీటెక్‌లో ఏ సబ్జెక్టులు గట్టిగా పట్టాలో అప్పుడు అడగండి, వివరంగా రాస్తాను.